జెండా రోజున జానెడు షటర్

జంగ్లీఘాట్ బజారులో ఆగస్టు పదిహేనున దుకాణం షటర్ నిలువెత్తు లేపిన మొనగాడు ఇప్పటిదాకా ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. నాకు ముందు ఎవడికీ ఆ దమ్ము లేకపోయింది, నన్ను చూశాక ఇంకెవడికీ రాదు. లేపినందుకు నా పై వరసలో ముందు పళ్ళు రెండు ఊడి, నా దుకాణంలోనే, నేను అమ్మే ప్లాస్టిక్ బకెట్టులోనే పడ్డాయి. బకెట్టు కడిగి మర్నాడే అమ్మేశాను. పళ్ళు కొనేవాడు లేక దాచుకున్నాను.

దెబ్బలు నాకు కొత్త కాదు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి నికోబార్‌కి పైనున్న ఈ దీవులకొచ్చి, నెత్తిన బుట్ట పెట్టుకుని దువ్వెనలూ అద్దాలూ తిప్పి అమ్మి, చివరికి ఈ దుకాణం పెట్టాడు. నాకు బేరం నేర్పింది ఆయన చేతిలోని ఇనప స్కేలు. రేటు చెప్పేటప్పుడు నేలచూపులు చూస్తే వేళ్ళ మీద ఒకటి. కొనేవాడు వెనక్కి తిరిగాడని కంగారుపడి తగ్గిస్తే మోచేతి మీద ఒకటి. వాణ్ణి మెట్టు దిగనిచ్చి పిలవాలి. ముందు పిలిచినా దెబ్బే, రోడ్డు దాటాక పిలిచినా దెబ్బే. పక్కనే చేపల రేవు. తెల్లారకముందే అక్కడ కత్తులు మొదలయ్యేవి. వేటు, అరుపు, మళ్ళీ వేటు. ఆ చప్పుళ్ళ మధ్య పెరిగినవాడికి బేరమంటే చేతులు వాడని కొట్లాటేనని అర్థమైపోతుంది. చేతులు కూడా వాడే రోజొకటి వస్తుందని మాత్రం స్కేలు చెప్పలేదు.

మాది గొడుగులు, రెయిన్‌కోట్లు, బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీల దుకాణం. పైన ఇల్లు. ఎదురుగా స్టీలు సామాన్ల దుకాణం మా బావది. రక్తసంబంధమేమీ లేదు. వాళ్ళావిడ మా నాన్న ఊరి మనిషి, అలా ఆయన నాకు బావయ్యాడు, వాళ్ళబ్బాయి నన్ను మావా అంటాడు. రోజూ సాయంత్రం బావ రోడ్డు దాటి వచ్చేవాడు, నా దుకాణం బల్ల మీద ఇద్దరం టీ తాగేవాళ్ళం. ఏటా జెండా రోజున వీధి మధ్య జెండా ఎగరేసేది ఆయనే. పొద్దున్నే తాడు ఆయన పట్టుకునేవాడు, గాలికి కర్ర పడిపోకుండా మొదలు నేను పట్టుకునేవాణ్ణి. ఆయన తల పైకెత్తి నిలబడితే నేను వంగి నిలబడేవాణ్ణి. ఇన్నేళ్ళూ జెండా ఎగరడం నేను చూడనే లేదు, బావ చెప్పులే చూశాను.

మా వీధికో ఆచారం ఉంది. జాతీయ సెలవు రోజున అందరూ షటర్లు మూసెయ్యాలి. మూస్తారు. కానీ నేలకి దించరు, జానెడు వదులుతారు. అవసరమైనవాడు వచ్చి షటర్ మీద వేళ్ళతో తట్టి, వంగి, కావలసింది చెబుతాడు. సరుకు కిందనుంచి జారుతుంది, డబ్బు కిందనుంచి లోపలికొస్తుంది. అమ్మేవాడి మొహం కొనేవాడికి కనబడదు, ఇద్దరి మొహాలూ వీధికి కనబడవు. బావ దుకాణంలోంచి గిన్నెలు కూడా అలాగే వచ్చేవి, మూకుళ్ళయితే పక్కకి తిప్పి తోసేవాడు. ఎవడూ ఎవణ్ణీ అడగడు. జానెడు దాటితే మాత్రం అడుగుతారు.

దీన్ని చెడగొట్టింది ఒక ఫ్రెంచివాడు. వానాకాలంలో కూడా మొండికేసి వచ్చే తెల్లవాళ్ళు కొందరుంటారు. జూలైలో ఒకడు తడిసి ముద్దయి దుకాణంలోకొచ్చి రెయిన్‌కోటు బేరమాడాడు. అడిగిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. వాడు తిరిగి వెళ్ళిపోతున్నట్టు నటించలేదు, కుట్టు బాగోలేదని వంక పెట్టలేదు. ఇవాళ జూలై పద్నాలుగు, మా దేశపు పండగ, నాకోసం తగ్గించు అన్నాడు. పండగని బేరానికి వాడుకోవచ్చని అంత వయసొచ్చినా నాకు తట్టలేదు. అసలు జెండా పండగ మనకి తప్ప ఇంకెవరికీ ఉండదనుకునేవాణ్ణి. తెల్లవాళ్ళు వెళ్ళిపోయింది మన దగ్గర్నుంచి కాబట్టి పండగ మనది. తెల్లవాడికేం పండగ?

కూర్చోబెట్టి అడిగాను. వాళ్ళ జనం ఒక జైలు మీద పడి బద్దలుకొట్టిన రోజట. మా ఊళ్ళో తెల్లవాళ్ళు కట్టిన పాత జైలుకి టిక్కెట్టు పెట్టారని చెప్పాను, వాడు అప్పటికే కొన్నాడట. పరేడ్లుంటాయి, రాత్రికి బాణసంచా, వీధుల్లో డాన్సులు అని చెప్పుకొచ్చాడు. దుకాణాల సంగతేమిటని అడిగాను. పెద్దవి చాలావరకు మూసేస్తారు, రొట్టెల కొట్లలాంటివి, యజమాని స్వయంగా నిలబడి అమ్ముకునేవి, పొద్దుటిపూట కొన్ని తెరుస్తారు అన్నాడు. ఈ మాటలో మొదటి సగం నా చెవికెక్కలేదు. రెండో సగం తిన్నగా గల్లాపెట్టెలోకి వెళ్ళింది. రెయిన్‌కోటు తగ్గించే ఇచ్చాను. అంత లాభం వచ్చాక తగ్గించకపోతే పాపం.

ఆ సాయంత్రం టీ దగ్గర ఈ కబురు వేశాను. బావ కొడుకు అప్పుడు అక్కడే ఉన్నాడు. వాడు పరీక్షల మీద పరీక్షలు రాసి, జెట్టీ దగ్గర సర్కారీ ఉద్యోగానికి సెలెక్టయి, పోలీస్ వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఈ దీవుల్లో ఆ కాగితం ఒక్కటీ మచ్చ లేకుండా రావాలి. వీధి గొడవలో పేరు పడినా చాలు, సెలెక్టయినవాడు ఇంట్లో కూర్చోవలసిందే. వాడు దేశాలన్నీ గడగడా చెప్పాడు. అమెరికావాళ్ళకి జూలై నాలుగు, సింగపూర్‌వాళ్ళకి ఆగస్టు తొమ్మిది, మన నికోబార్‌కి అవతల ఇండోనేషియా ఉంది చూడు, వాళ్ళకి మన తరవాత రెండు రోజులకే. బ్రిటిష్‌వాళ్ళకి మాత్రం స్వాతంత్ర్య దినం లేదన్నాడు. బావ టీ గ్లాసు దించి, వాణ్ణి ఎవడు కట్టేశాడని విడిపించుకుంటాడురా అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. అదే సందని, అన్ని దేశాల్లోనూ ఆ రోజు దుకాణాలు బార్లా తీసి అమ్ముతారట బావా, మనమే దొంగల్లా కిందనుంచి తోస్తున్నాం అన్నాను. బావ నవ్వడం ఆపి అన్నాడు.

"ఏ దేశంవాడు ఏం చేసుకుంటే మనకేం బావా. మన వీధిలో జానెడే."

ఆగస్టు పదిహేను తెల్లవారింది. వాన ఆకాశాన్ని చీల్చుకుని పడుతోంది. రేకుల మీద రాళ్ళు కురుస్తున్నట్టు చప్పుడు, కాలవ రోడ్డెక్కింది, కరెంటు పోయింది. పరేడ్ చూడ్డానికి పిల్లల్ని ఎత్తుకుని జనం తడుస్తూ పోతున్నారు. నా దుకాణం నిండా గొడుగులు. జానెడు సందులోంచి ఒక్కో గొడుగు తోస్తుంటే, వాళ్ళు వంగలేక, బురదలో మోకాలు పెట్టలేక, పక్క వీధికి పోతున్నారు. నా చేతులు దురద పెట్టాయి. కర్ర మొదలు ఇంకెవడైనా పట్టుకుంటాళ్ళే అనుకున్నాను. జెండా ఎగరేసే వేళ దాటేదాకా ఆగి, కొక్కెం ఊచ తగిలించి, షటర్ని ఒక్క తోపుతో పైకి పంపాను. ఆ ధడేల్‌మన్న చప్పుడుకి మా ఆవిడ పైనుంచి దిగొచ్చింది. ఫోన్లో వచ్చే డబ్బులు చూస్తూ బయట పక్కమెట్ల దగ్గర నిలబడమని నా ఫోన్ ఆమె చేతికిచ్చాను.

జనం ఎగబడ్డారు. ఒక హిందీ దీదీ గొడుగు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి, సగం రేటు అడిగింది. రేకుల మోత మీంచి వినపడాలని గొంతెత్తి అరుస్తున్నాను. నాకు తెలియనిది ఏమిటంటే, జెండా ఇంకా ఎగరలేదు. బావ నాకోసం ఆగాడు. కర్ర మొదలు నేను పట్టుకోవాలి కదా అని ఆ వానలో అందర్నీ నిలబెట్టి ఎదురుచూశాడు. ఇక రానని తేలాక కొడుకునే పట్టుకోమని ఎగరేశాడు. కరెంటు లేక మైకు లేదు. అందరూ కదలకుండా, తడుస్తూ, నోటితోనే జనగణమన పాడుతున్నారు. మూగిన జనం అడ్డమై వాళ్ళు నాకు కనబడలేదు, రేకుల మోతలో ఆ పాట నా దాకా రాలేదు. నా అరుపు మాత్రం పాట మధ్యలో వాళ్ళ దాకా వెళ్ళింది. "ఆఖ్రీ దామ్ దీదీ, ఆఖ్రీ దామ్." ఇదే చివరి రేటని.

పాట అయ్యేదాకా ఎవడూ కదల్లేదట. అయ్యాక అందరూ ఒక్కసారే కదిలారు.

ముందొచ్చింది బావ కొడుకే. బట్టలు ఒంటికి అంటుకుపోయి, కర్ర మొదలు పట్టుకున్న చేతుల నిండా బురద. కాలితో కుర్చీల దొంతర తన్నాడు. దీదీ గొడుగు వదిలేసి పరిగెత్తింది. వాడు గోడకి ఆనించిన నా షటర్ ఊచ తీసుకున్నాడు.

"ఏ దేశంలో ఉన్నావు మావా?"

అక్కడ నోరు మూసుకుంటే ఈ రాతే లేదు. చేతిలో దీదీ వదిలేసిన గొడుగు ఉంది, వాడి వెనక మంది ఉన్నారు, రేటు చెప్పేటప్పుడు నేలచూపులు చూడకూడదు. తలెత్తి వాడి కళ్ళలోకి చూసే చెప్పాను. "అన్ని దేశాల్లోనూ ఇవాళ్టిలాంటి రోజున దుకాణాలు తీస్తార్రా. నీ పుస్తకంలో అది రాయలేదా?"

ఊచ నా నోటి మీద పడింది. నొప్పి తరవాతొచ్చింది, ముందు చప్పుడొచ్చింది, తలలోపల కొబ్బరికాయ పగిలినట్టు. నోరంతా వేడి. పై పెదవి చీలి కిందకి వేలాడింది. పళ్ళు నాలిక మీద గులకరాళ్ళలా దొర్లితే బకెట్టులోకి ఉమ్మాను. అప్పటికే నా చెయ్యి దాని పని అది చేసేసింది. ముడిచిన గొడుగు, ఉక్కు కొన, వాడి మొహం. కొన కనుబొమ్మలో దిగి ఎముక మీద గీరుకుంటూ పోయింది. ఆ గీరుడు గొడుగు పిడిలోంచి నా అరచేతికి తెలిసింది. వాడు ఎద్దులా అరిచాడు. బయట మంది రెయిన్‌కోట్లు చింపుతున్నారు, బకెట్లు తొక్కుతున్నారు, మెట్టెక్కుతున్నారు.

మా ఆవిడ పక్కమెట్ల మీంచి దూకి, ఎగిరి షటర్ పిడి పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగింది. షటర్ నేలకి దిగింది. మందిని బయట ఉంచి నన్ను కాపాడాలని ఆమె ఆలోచన. కొట్టేవాడు లోపల నా దగ్గరే ఉన్నాడని ఆమె చూడలేదు.

చీకటి. బయటివాళ్ళు షటర్ని తన్నిన తన్నులకి రేకు గాడిలోంచి తప్పుకుని బిగుసుకుపోయింది. ఇక అది పైకీ రాదు, కిందకీ పోదు. లోపల మేమిద్దరం ఒకణ్ణొకడు చూడకుండానే కొట్టుకున్నాం. పిడికిలికి ఒకసారి చెవి దొరికింది, ఒకసారి గోడ దొరికింది. వాడు నా జుట్టు పట్టుకుని బల్లకేసి కొట్టాడు, రోజూ టీ గ్లాసులు పెట్టుకునే బల్లే. నేను వాడి ముంజెయ్యి కరిచాను. పళ్ళు లేనిచోట కరిస్తే ఏం లాభం, చిగుళ్ళకే మంట. కుర్చీలు మా మీద విరుచుకుపడ్డాయి. చివరికి ఒగర్పుతో ఇద్దరం చెరో మూల చతికిలబడ్డాం.

కాసేపటికి వాడి గొంతు వచ్చింది. కొట్టినవాడి గొంతులా లేదు.

"మావా, నా కన్ను కనబడ్డం లేదు."

వెతుక్కుంటూ పాకాను. వాడి ఫోన్ కాళ్ళ కింద నలిగిపోయింది, నాది బయట ఆవిడ దగ్గరుంది, వెలుగన్నది లేదు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, జిగటగా ఉన్న ఆ మొహం మీద బొటనవేలితో తడిమాను. రెప్ప తగిలింది. దాని కింద గుడ్డు వేలికి అడ్డంగా కదిలింది. నెత్తురు కమ్మేసింది అంతేరా, కన్నుంది అన్నాను. వాడు ఏడ్చాడు. వాడి ఏడుపు కంటి కోసం కాదు. కేసైతే వెరిఫికేషన్‌లో నా పేరు పడతాది మావా, ఇన్నేళ్ళ చదువూ పోతాది అన్నాడు. అప్పుడే బయట మొదటి గునపం దెబ్బ పడింది. బావ షటర్ పగలగొడుతున్నాడు. ప్రతి దెబ్బకీ బకెట్లు దొర్లుతున్నాయి. హంతకుణ్ణి కన్నావని మా ఆవిడ ఆయన్ని తిడుతోంది, దేశద్రోహిని కట్టుకున్నావని ఆయన ఆవిణ్ణి తిడుతున్నాడు. తిట్టుకుంటూనే ఇద్దరూ ఒకే గునపం పట్టుకున్నారని తరవాత తెలిసింది.

"ఏం కావాలో అడుగు మావా. కేసు పెట్టకు."

బతుకంతా ఎదురుచూసిన మాట. అవతలివాడు మోకాళ్ళ మీదున్నాడు, రేటు నేనే చెప్పాలి. చీలిన పెదవితో తుస్సుతుస్సుమంటూ పళ్ళు కట్టించమన్నాను. ఎన్ని అన్నాడు. రెండు అన్నాను. ఆలోచించాడు, ఆ స్థితిలో కూడా.

"ఒకటి నేను కట్టిస్తాను. రెండోది నీ నోటి దురుసుకి పోయింది."

నాన్న స్కేలుకి కూడా దొరకని శిష్యుడు. సరే అన్నాను. వాడు తేరుకుని, ఇంకో మాట అడిగాడు. ఫ్రాన్సులో నిజంగానే అన్ని దుకాణాలూ తెరుస్తారా అని. చీకట్లో, ఒళ్ళో వాడి తల పెట్టుకుని అబద్ధమాడలేకపోయాను. చాలావరకు మూసేస్తారట, రొట్టెల కొట్లు పొద్దున తెరుస్తారట అన్నాను.

వాడు నా ఒళ్ళోంచి తల లేపాడు. "నువ్వు రొట్టెలమ్ముతావా మావా?"

లేదన్నాను. చేతికందిన కుర్చీ ఎత్తి నా మోకాలి చిప్ప మీద వేశాడు. ఆ రోజు పడ్డ దెబ్బలన్నిట్లో నాకు న్యాయంగా చెందింది అదొక్కటే.

గునపం రేకుని చీల్చింది. వెలుగు, దాంతో పాటు వాన, లోపలికి పడ్డాయి. వెలుగు రాగానే ఊచని రెయిన్‌కోట్ల కట్టలో దూర్చేశాను. బయట పరేడ్ డ్యూటీ నుంచి వచ్చిన ఇద్దరు పోలీసులు. వాళ్ళ వెనక డైరీ ఫార్మ్ అనే పేట నుంచి మా బావమరిది, నలుగురు మనుషులతో, చేతుల్లో తెడ్డుకర్రలతో. మా అక్క మొగుణ్ణి కొట్టినవాడు ఏడీ అని వాడు ఊగిపోతున్నాడు. బావ పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. అరచేతులు గునపానికి చిట్లి నెత్తురు కారుతున్నాయి. కొడుకు మొహం చూశాడు, నా మొహం చూశాడు. బతిమాలలేదు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

పెద్ద పోలీసు నా నోరు చూసి, "దాంత్ కిస్‌నే తోడా?" అన్నాడు. పళ్ళు ఎవరు విరగ్గొట్టారని.

"షటర్ సాబ్. షటర్ గిర్ గయా." షటర్ మీద పడిందన్నాను.

"ఔర్ ఇస్‌కా మాథా?"

వాడి నుదురు కూడా షటరే అన్నాను. ఆయన షటర్ని ఎగాదిగా చూశాడు. మమ్మల్నిద్దర్నీ చూశాడు. చాలా ప్రమాదకరమైన షటర్‌లా ఉంది, మార్పించు అని హిందీలో చెప్పి జీపెక్కాడు. బావమరిది నా కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళిపోయాడు. తన్నులు తిని తలవంచినవాడి ఇంట్లో అక్క ఉన్నందుకు సిగ్గుగా ఉందన్నాడు.

కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. కనుబొమ్మలో అడ్డంగా ఒక గీత ఉంది, వెంట్రుకలు మొలవని గీత. మొదటి జీతం నాడే వచ్చి, మాట ప్రకారం ఒక పన్ను కట్టించాడు. రెండోది నేను కట్టించుకున్నాను. బావ మాత్రం ఆ తరవాత రోడ్డు దాటలేదు. వీధిలో ఆయన అన్న మాట నా చెవిన పడింది. తన కొడుకు కన్ను పొడవబోయిన నేను, వాడికి ఉద్యోగం ఇప్పించానని ఊరంతా చెప్పుకుంటున్నానట. అది పుకారు కాదు. చెప్పుకున్నాను. వచ్చిన గిరాకీకల్లా, పన్ను చూపించి మరీ చెప్పుకున్నాను. షటర్ అని పోలీసుకి చెప్పింది ఒక్క రోజే, ఆ ఒక్క మాటనీ ముక్కలు కోసి అందరికీ అమ్మాను.

ఈ ఏడాది జెండా రోజున నా కొత్త షటర్ జానెడే. నేల మీద బోర్లా పడుకుని చూశాను. కర్ర మొదలు పట్టుకున్న చేతులు ఎవరివో, తాడు దగ్గర బావ చెప్పులు. పాట అయ్యేదాకా లోపల చీకట్లో లేచి నిలబడ్డాను, చూసేవాళ్ళు లేకపోయినా.

ఇక లెక్క. పోయినవి పళ్ళు రెండు, ఒకటి తిరిగొచ్చింది. ఒక షటర్. ఒక బావమరిది, వాడు రాఖీకి అక్క దగ్గరికి వచ్చాడు కానీ మెట్ల కిందే నిలబడ్డాడు. ఒక బావ. మిగిలింది మంచితనం అని రాసుకుందామనుకున్నాను. అదీ నిలవదు. కేసు పెట్టి ఉంటే పోలీసు మొదట అడిగేది షటర్ ఎందుకు లేపావని, రెండోది గొడుగు కొనకి నెత్తురెవరిదని. నేను వాణ్ణి క్షమించి వదిలిందేమీ లేదు, ఇద్దరం ఒకే సందులోంచి బయటికి పాకాం. ఇక రాబడి. హిందీ దీదీ ఆ గొడవైన వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆ రోజు చూసిన గొడుగే కావాలంది. కొన వంగింది దీదీ అన్నాను, పర్లేదంది. అప్పుడు జనగణమన నడుస్తుండగా ఆమె అడిగిన సగం రేటుకే ఇచ్చి పంపాను.